తెల్లసొనలోంచి ఒక్క ప్రోటీన్‌ను పట్టిన కథ

ఎంఎస్సీ ప్రాజెక్టుకు మా సార్ ఇచ్చిన పని వినడానికి చిన్నదే: గ్రాఫీన్ ఆక్సైడ్‌తో (గ్రాఫైట్‌ను ఆక్సీకరించి చేసే పలచటి కార్బన్ పొరలు) గుడ్డు తెల్లసొనలోంచి ఓవల్బ్యుమిన్ అనే ప్రోటీన్‌ను మాత్రమే బయటికి తీయాలి. గుడ్లు హనుమకొండలో ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. పచ్చసొన సింకులో పోస్తుంటే మాత్రం ప్రాణం ఉసూరుమనేది.

ముందు గ్రాఫీన్ ఆక్సైడ్ చేసుకోవాలి. 1958 నాటి హమ్మర్స్ పద్ధతే. గ్రాఫైట్ పొడి కలిపిన గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పర్మాంగనేట్‌ను చిటికెడు చిటికెడుగా వేస్తూ, వేడి 20 డిగ్రీలు దాటకుండా కాపలా కాయాలి. అశ్రద్ధ చేస్తే పేలే ప్రమాదం ఉంది. వరంగల్ మే నెల ఎండకు ల్యాబ్ ఫ్రిజ్‌లోని ఐసు ఏ మూలకూ చాలలేదు. చేపలకు ఐసు వేసే ఆయన దగ్గర గడ్డ కొని, గోనెసంచిలో చుట్టి ఆటోలో తెచ్చాం. "కాలేజీల చేపలు అమ్ముతున్నరా బిడ్డా?" అన్నాడాయన. చివర్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయగానే ముదురు గోధుమరంగు కాస్తా నిగనిగలాడే పసుపుకు తిరిగింది. ఆ తర్వాత కడగడమే నరకం. ఆమ్లం పోతున్నకొద్దీ అది జెల్లీలా ఉబ్బి, సెంట్రిఫ్యూజ్‌లో ఎంత తిప్పినా అడుగుకు దిగదు.

దానికి బోరోనిక్ ఆమ్లం అతికించాం. ఇది కాస్త క్షార గుణమున్న బఫర్ ద్రావణంలో చక్కెర గొలుసులున్న ప్రోటీన్లను పట్టుకుంటుంది, ఆమ్లం తగిలితే వదిలేస్తుంది. ఓవల్బ్యుమిన్‌కు ఆ గొలుసు ఉంది, తెల్లసొనలోనే ఉండే మరో ప్రోటీన్ లైసోజైమ్‌కు లేదు. లెక్క సరిగ్గానే ఉంది కదా అనుకున్నాం.

ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ మీద చూస్తే 45 కిలోడాల్టన్ల (ప్రోటీన్ అణువు బరువు కొలత) దగ్గర దట్టమైన నీలి గీత, అది ఓవల్బ్యుమిన్. కింద 14 దగ్గర ఇంకోటి, లైసోజైమ్! నిజానికి తెల్లసొన ప్రోటీన్‌లో సగానికి పైగా ఓవల్బ్యుమినే, దాన్ని పట్టడం గొప్పేం కాదు. మిగతావాటిని పట్టకుండా ఉండటంలోనే ఉంది పనితనమంతా. గ్రాఫీన్ ఆక్సైడ్ మీద బోరోనిక్ ఆమ్లం అతకకుండా మిగిలిన కార్బాక్సిల్ గుంపులకు రుణావేశం, లైసోజైమ్‌కు ధనావేశం. అతుక్కోక ఏం చేస్తుంది?

"ఉప్పేసి కడుగు, పోతది," అంది పీహెచ్‌డీ చేస్తున్న అక్క. నిజమే. బఫర్‌లో సోడియం క్లోరైడ్ కలిపి కడిగితే ఆ ఆకర్షణ సడలి లైసోజైమ్ ఊడొచ్చింది, చక్కెర పట్టు మాత్రం చెక్కుచెదరలేదు. పేపర్లలో ఈ కడుగుడు గురించి ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

76 దగ్గర పలచటి గీత మాత్రం పోలేదు. అది ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే ఇంకో తెల్లసొన ప్రోటీన్, దానికీ చక్కెర గొలుసు ఉంటుంది కాబట్టి ఉప్పుకు లొంగదు. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ నేరుగా ఆ గీత మీదే వేలు పెట్టాడు. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. దాన్ని ఎలా వదిలించాలో ఇప్పుడు మా జూనియర్ చూస్తున్నాడు.