కళ్ళు మండలేదు

పదకొండు దాటింది. లైట్ తీసేయమని ఆయన ఇప్పటికి రెండుసార్లు అన్నారు. నిద్ర రావట్లేదు, అందుకే హాల్లోకి వచ్చి కూర్చున్నాను.

మధ్యాహ్నం బాక్స్ తెరిచే ముందు ఎప్పటిలాగే ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కొత్తగా చేరిన అమ్మాయి నన్నే చూస్తోంది. "అక్కా, రోజూ తినేముందు కళ్ళు మూసుకుంటారు కదా, లోపల ఏమనుకుంటారు?" అంది. వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. బల్ల దగ్గర ఇంకో నలుగురు ఉన్నారు. "ఏం లేదమ్మా, పొద్దుటినుంచి స్క్రీన్ చూసి చూసి కళ్ళు మండుతున్నాయి" అన్నాను.

కళ్ళు మండలేదు. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఇంటికొచ్చే దారంతా వేరేవాళ్ళ మీద కోపం తెచ్చుకుంటూ వచ్చాను. మా చర్చి సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. తెల్లవారకముందే మొదలవుతుంది. పువ్వుల బొమ్మ మీద బైబిలు వాక్యం, కింద "ఆమెన్ అని పెట్టండి". ఇంకొకటి, పదిమందికి పంపితే సాయంత్రంలోగా శుభవార్త వింటారట. పంపకుండా ఆపేస్తే దీవెన ఆగిపోతుందట. దేవుణ్ణి అలా బేరానికి పెట్టడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాటిని అందరికంటే ఎక్కువగా పంపే ఒకాయన కిందటి ఆదివారం ఆరాధన అవగానే, బండి అడ్డంగా ఉందని అక్కడ ఊడ్చే మనిషిని నలుగురిలో ఎంత మాట అన్నాడో! ఆ మనిషి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇంటికి వెళ్ళేలోపే ఆయన దగ్గర్నుంచి ప్రేమ గురించి వాక్యం వచ్చింది. నేను కళ్ళు మూసుకునేది ప్రార్థనకేనని చెబితే, చూసేవాళ్ళు నన్నూ ఈ లెక్కలోనే వేస్తారు. మాట్లాడకుండా సరిగ్గా బతికితే చాలు, అదే సాక్ష్యం. ఇలా అనుకుంటూ ఇల్లు చేరాను.

అప్పుడే నాన్న గుర్తొచ్చారు. నాకు పదేళ్ళుంటాయి. రాత్రి కుటుంబ ప్రార్థన. పాట సగంలో ఉంది. ఆరోజు సాయంత్రమే నాన్నకీ పక్కింటాయనకీ నీళ్ళ పైపు దగ్గర పెద్ద గొడవైంది. తప్పు ఎవరిదో నాకు తెలియదు కానీ, నాన్న గొంతు వీధి చివరిదాకా వినిపించింది. ఆ రాత్రి చదవాల్సిన భాగం మత్తయి 5వ అధ్యాయం. అర్పణ తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, దాన్ని బలిపీఠం ముందే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని ఉంటుంది చూడండి, అక్కడికి వచ్చారు. చదవడం ఆపేశారు. బైబిలు మూయలేదు. లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. అమ్మ మమ్మల్ని లేవనివ్వలేదు. మోకాళ్ళు నొప్పి పుట్టాయి, తమ్ముడు అలాగే గోడకి ఆనుకుని నిద్రపోయాడు. ఎంతసేపటికో తిరిగొచ్చి, ఆపినచోటు నుంచే మళ్ళీ చదివారు. అక్కడ ఏం జరిగిందో మాకు ఎప్పుడూ చెప్పలేదు.

నాన్న ఒక్కమాట కూడా బోధించలేదు, బతికి చూపించారు అని ఇన్నేళ్ళూ ఈ సంగతి నాలాంటి మౌనానికి సాక్షిగా వాడుకున్నాను. దానికి తోడు, ఇటలీలో పేదగా బతికి సన్యాసుల సంఘం పెట్టిన అస్సీసీ ఫ్రాన్సిస్ అన్నాడని చెప్పే మాట ఒకటుంది, ఎప్పుడూ సువార్త ప్రకటించు, అవసరమైతేనే మాటలు వాడు అని. అది ఆయన రాతల్లో ఎక్కడా లేదు. తన సంఘానికి రాసిన 1221 నాటి నియమావళిలో సోదరులందరూ తమ పనులతో ప్రకటించాలని రాశాడు, నిజమే. కానీ ఆయన ఒక్కరోజులో నాలుగైదు ఊళ్ళు తిరిగి ప్రసంగించేవాడని మొదటి జీవితచరిత్ర రాసినాయన చెప్పాడు. 1219లో యుద్ధం జరుగుతుండగానే ఈజిప్టు సుల్తాను ఎదుటికి వెళ్ళి మాట్లాడాడు. నా ముందున్నది ఒక భోజనాల బల్ల.

ఇది రాస్తుంటే ఇంకోటి తట్టింది. నాన్న ఆ రాత్రి పక్కింటికి వెళ్ళి ఊరికే నిలబడి రాలేదు కదా. నోరు విప్పి ఉంటారు. "తప్పు నాదండీ" అని అనే ఉంటారు. ఆ మాట అనకుండా ఆయన చేసిన పనికి అర్థమే లేదు. గ్రూపులో ఆ వాక్యాలాయన మాటలు పంపిస్తాడు, ప్రవర్తన కనిపించదు. నేను ప్రవర్తన చూసుకుంటూ మాట దాచేశాను. ఆయన మీద అంత కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. (ఊడ్చే మనిషి సంగతి మాత్రం ఆయనతో మాట్లాడాల్సిందే. అది వేరే.)

యేసును పట్టుకున్న రాత్రి, నువ్వూ ఆయన మనిషివే కదా అని శిష్యుడు పేతురుని మొదట అడిగింది కూడా ఒక పనిపిల్లే. యాస వల్ల దొరికిపోయినా, తెలియదు అన్నాడు. మీలో ఉన్న నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివారికీ సాత్వికంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని తన మొదటి పత్రికలో రాసింది ఆ పేతురే. మన చర్చి మాటల్లో సమాధానం అంటే జవాబే కాదు, మనసు నెమ్మది కూడా. ఇవాళ నాకు రెండూ లేవు. పేతురు యేసును ఎరగనన్నది బొగ్గుల మంట దగ్గర. యేసు తిరిగి లేచిన తర్వాత, సరస్సు ఒడ్డున ఆయన పేతురుని నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగిందీ బొగ్గుల మంట దగ్గరే. బొగ్గుల మంట అనే ఆ గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఆ రెండుచోట్లే ఉంది. అక్కడ యేసు పాత సంగతి ఎత్తనే లేదు.

అన్నట్టు, మా చిన్నమ్మాయి రాత్రి ప్రార్థనలో వాళ్ళ టీచర్ కాలునొప్పి తగ్గాలని అడిగింది. "రేపు టీచర్‌కి చెప్తానమ్మా, నీకోసం అడిగానని" అంది. ఎంత సంతోషమేసిందో.

ఇప్పుడే ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. మూడుసార్లు పెద్దగా రాసి చెరిపేసి, చివరికి రెండు ముక్కలే ఉంచాను. "మధ్యాహ్నం నా కళ్ళు మండలేదమ్మా. రేపు నీకు తీరికైతే చెప్తాను."

ఒక్క టిక్కే పడింది. పడుకుని ఉంటుంది.