టెగూ లాగ్: అద్దె ఇంట్లో నాలుగడుగుల బల్లి

జనవరి

లెపర్డ్ గెక్కో, బ్లూ టంగ్ స్కింక్ అనే చిన్న బల్లుల్ని పెంచాక ఈ ఏడు పెద్ద బల్లి వైపు వెళ్దామని గట్టిగా అనుకున్నాను. ఉండేది డాలస్ శివార్లలో, ఇద్దరు రూమ్మేట్లతో కలిసి తీసుకున్న అద్దె ఇల్లు. వెనక గది ఖాళీగానే ఉంది. కాబట్టి చోటు ఉంది. ముందు తేలాల్సింది చోటు సంగతి కాదు, ఏళ్ల సంగతి.

నాది హెచ్-1బీ వీసా. జాబ్ పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. టెగూ (దక్షిణ అమెరికా పెద్ద బల్లి) అయినా ఇగ్వానా అయినా సరిగ్గా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. నా పాస్‌పోర్టులో ఉన్న స్టాంపు కంటే బల్లి ఆయుష్షే ఎక్కువ. మనవాళ్లు ఇక్కడ కుక్కను తెచ్చుకునే ముందు కూడా ఈ లెక్క వేసుకుంటారు. కానీ కుక్కనైతే ఇండియాకి తీసుకెళ్లొచ్చు, లేదా పెంచుకునేవాళ్లు నలుగురు దొరుకుతారు. ఐదు కిలోల బల్లిని ఎవరు తీసుకుంటారు? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే కొనడమని నియమం పెట్టుకున్నాను.

ఫిబ్రవరి

జాబితాలో నాలుగు పేర్లున్నాయి. ఉడుము జాతికే చెందిన వాటర్ మానిటర్‌ని వెంటనే కొట్టేశాను. మగది ఆరేడు అడుగులు పెరుగుతుంది, దానికి గది మొత్తం రాసివ్వాలి.

గ్రీన్ ఇగ్వానా మీద కొన్నాళ్లు మనసు పోయింది. పూర్తి శాకాహారి. కొలార్డ్ ఆకులు, ఆవాకు, బీరకాయ, మునగాకు, అంతా ఇండియన్ స్టోర్లో దొరికే సరుకే. అమ్మకు చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది. కానీ అది చెట్ల మీద బతికే జీవి. ఎన్‌క్లోజర్ (బల్లి ఉండే పెద్ద పెట్టె) పొడవు కంటే ఎత్తు ముఖ్యం, కనీసం ఆరడుగులు నిలువుగా ఉండాలి. మా గది సీలింగు ఎనిమిదడుగులే, పైన పెద్దగా మిగలదు. పైగా మగ ఇగ్వానాకు జత కట్టే కాలం వస్తే ఏళ్ల తరబడి చేతిలో తిన్నది కూడా యజమాని మీదికే దూకొచ్చు. దాని పళ్లు రంపపు అంచులా ఉంటాయి, కుట్లు పడతాయి.

అసలు టెంప్టేషన్ సవానా మానిటర్. రెప్టైల్ షోకి వెళ్తే అరచేతిలో పట్టే పిల్లలు వరసగా ప్లాస్టిక్ డబ్బాల్లో కనబడతాయి. మన ఉడుము పోలికే, అదే నాలుక, అదే నడక. ధర చూస్తే రూమ్మేట్‌తో తినే బిర్యానీ బిల్లంత. ఆ ధరే అనుమానించాల్సిన విషయం. ఇక్కడ అమ్మేవాటిలో ఎక్కువ శాతం పశ్చిమ ఆఫ్రికా నుంచి, ఘనా, టోగో, బెనిన్‌ల నుంచి వచ్చినవే. ప్రయాణంలోనే నీరసించి ఉంటాయి, కడుపులో పురుగులుంటాయి. అడవిలో అవి తినేది ప్రధానంగా పురుగులూ నత్తలూ తేళ్లూ. ఇళ్లల్లో ఎలుకలు పెట్టి పెట్టి కొవ్వు పట్టించి చంపేస్తుంటారు. ఇంకో సంగతి, అవి బొరియల్లో బతుకుతాయి. తవ్వుకోవడానికి రెండడుగుల లోతు మట్టి, ఒళ్లు కాచుకునే (బాస్కింగ్) చోట 130 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన వేడి కావాలి. జంతువు చౌక, మిగతాదంతా ఖరీదు. అయినా ఆ వరస ముందు నేను చాలాసేపే నిలబడ్డానని ఒప్పుకోవాలి.

ఇక మిగిలింది అర్జెంటైన్ బ్లాక్ అండ్ వైట్ టెగూ. బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వే, అర్జెంటీనాల జీవి. మగది నాలుగడుగులు దాటుతుంది. పెంపకంలో పుట్టినవి సులువుగా దొరుకుతాయి, మాంసం, గుడ్లు, పండ్లు అన్నీ తింటుంది, మనిషిని గుర్తుపడుతుంది. 2016లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, జత కట్టే కాలంలో రాత్రిపూట వీటి ఒంటి వేడి బొరియ వేడి కంటే 10 డిగ్రీల సెల్సియస్ వరకూ ఎక్కువగా ఉంటుంది. శీతల రక్త జీవి అని మనం చదువుకున్న పాఠానికి ఇదో మినహాయింపు. అది చదివిన రోజే టెగూకి సగం ఓటు పడిపోయింది. (టెక్సాస్‌లో వీటి చర్మంతో కౌబాయ్ బూట్లు అమ్ముతారు. షాపులో చూస్తే ఇప్పుడు అదోలా ఉంటోంది.)

మార్చి

అమ్మకు ఫోన్లో చెప్పాను. "ఉడుము ఇంట్లో దూరితేనే అరిష్టమంటారు. నువ్వేంట్రా, డబ్బులిచ్చి మరీ తెచ్చుకుంటానంటావు?" అంది. ఇది ఉడుము కాదమ్మా, వేరే జాతి అంటే, "ఏ జాతైతే ఏంటి, వదిలితేగా నువ్వు, నీదే ఉడుంపట్టు" అని నాన్నకు ఇచ్చేసింది. నాన్న అడిగింది ఒక్కటే, కరెంటు బిల్లు ఎంతవుతుందని.

గుంటూరు నుంచి మా బాబాయి కొడుకు వేరే రకంగా తగులుకున్నాడు, "అన్నా, పొలంలో పిల్ల ఉడుము దొరికింది, పెంచుకోనా?" అని. వద్దంటే వద్దన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా. ఉడుము వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో షెడ్యూల్ 1 జంతువు. పట్టుకోవడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం, మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఇగ్వానా, టెగూ లాంటి విదేశీ జీవుల సంగతి వేరు. అవి సైట్స్ (వన్యజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం జాబితాలో ఉన్నాయి కాబట్టి 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. "పేపర్లు అక్కర్లేదు బ్రో" అని అమ్మేవాడి దగ్గర కొంటే తర్వాత అటవీ శాఖవాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సింది వాడు కాదు, మీరు.

అమెరికాలోనూ రాష్ట్రాన్ని బట్టి రూలు మారుతుంది. ఫ్లోరిడాలో టెగూ, ఇగ్వానా రెండూ 2021 నుంచి నిషిద్ధ జాబితాలో ఉన్నాయి, తప్పించుకున్నవి అడవిలో పెరిగిపోయాయని, టెగూలైతే పక్షుల గుడ్లూ మొసళ్ల గుడ్లూ తినేస్తున్నాయని. కాబట్టి అక్కడ ఆఫర్ వస్తే బల్లితో వెళ్లలేను. జాబ్ వెతుకులాటలో ఇదో కొత్త ఫిల్టర్.

ఇంటి ఓనర్‌తో మాట్లాడి, లీజులో బల్లి పేరుతో సహా ఒక పేజీ చేర్పించాను. నోటిమాట మీద ఇంత పెద్ద జంతువుని తేవద్దు.

ఏప్రిల్

పిల్ల కాదు, పెద్దదే. నిర్ణయమైపోయింది.

బ్రీడర్ల దగ్గర టెగూ పిల్లలు వేసవిలో గుడ్లలోంచి బయటకొస్తాయి, చలికాలం నుంచే అడ్వాన్సులు తీసుకుంటారు. నేనూ ఒకచోట కట్టబోయాను. ఈలోగా ఒక సరీసృపాల రెస్క్యూకి (వదిలేసిన జంతువుల్ని చేరదీసే సంస్థకి) వాలంటీర్‌గా వెళ్తుంటే, ముచ్చటపడి పిల్లను కొని రెండేళ్లకే చేతులెత్తేసినవాళ్ల టెగూలు అక్కడ కనబడ్డాయి. అందులో ఒకటి మగది, ఆరేళ్లుంటాయని అంచనా. తోక చివర ఎప్పుడో తెగి నల్లగా మొద్దుగా పెరిగింది.

నా లెక్కలో పెద్దదాన్ని తెచ్చుకోవడంలో లాభాలివి. ఎంత పెరుగుతుందో చూసే తెలుసుకోవచ్చు, ఊహించక్కర్లేదు. స్వభావం తెలుసు. పిల్ల టెగూ ఏడాదిలోనే మూడడుగులవుతుంది కాబట్టి చిన్న ట్యాంకు, మధ్య ట్యాంకు అని రెండుసార్లు ఖర్చు ఉండదు. బాధ్యత 20 ఏళ్లు కాదు, పది చిల్లర. అన్నిటికంటే, నేను ఉంచుకోలేని పరిస్థితి వస్తే తిరిగి వాళ్లకే అప్పగించాలని రెస్క్యూ ఒప్పందంలోనే రాసి ఉంది. జనవరిలో వేసుకున్న ప్రశ్నకు జవాబు ఆ ఒక్క వాక్యంలో దొరికింది. చిన్నప్పటి నుంచి పెంచితేనే మచ్చికవుతుందని చాలామంది అంటారు. నాకు ఆ వాదన రుచించదు. పెద్దయ్యాక ఎలా తయారవుతుందో తెలియని పిల్లకంటే, ఎలా ఉందో కనబడుతున్న పెద్దదే నయం.

మే

ఎన్‌క్లోజర్ పని. కనీస కొలత 8 అడుగుల పొడవు, 4 వెడల్పు, 4 ఎత్తు. ప్లైవుడ్ షీటు 8×4 అడుగులే కాబట్టి నేలకీ పైకప్పుకీ వెనక గోడకీ కోత లేకుండా సరిపోయింది. కానీ గది తలుపు వెడల్పు 30 అంగుళాలే! బయట కట్టి లోపలికి తేవడం కుదరదు. అందుకని ఆరు పలకలుగా చేసి గదిలోనే బిగించాను. స్క్రూలు కాదు, బోల్టులు. రేపు ఇల్లు మారితే విప్పి వ్యానులో పెట్టుకోవచ్చు.

టెగూకి గాలిలో తేమ 70, 80 శాతం కావాలి, కాబట్టి ఉత్తి ప్లైవుడ్ ఉబ్బిపోతుంది. లోపల వాటర్‌ప్రూఫ్ కోటింగ్ నాలుగు పూతలు, మూలల్లో సిలికాన్. సిలికాన్ ఆరేటప్పుడు ఇల్లంతా వెనిగర్ వాసన. రూమ్మేట్ "ఆవకాయ పెడుతున్నావా బాబూ" అని గది తలుపు మూసేసుకున్నాడు. ఆ వాసన పూర్తిగా పోయేదాకా జంతువుని లోపల పెట్టకూడదు.

మట్టి దగ్గర లెక్క చూసుకోండి. అడుగు లోతు అంటే 32 క్యూబిక్ అడుగులు. ఇక్కడ తోట మట్టి బస్తా 0.75 క్యూబిక్ అడుగులు, 40 పౌండ్లు. అంతా మట్టే వేస్తే 40కి పైగా బస్తాలు, దాదాపు 1,700 పౌండ్లు. నేను ఎరువు కలపని మట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి, పైన సైప్రస్ మల్చ్ (చెక్క తురుము) పరిచాను. బరువు తగ్గింది కానీ మేడ మీది గదిలో మాత్రం పెట్టేవాణ్ని కాదు. మాది కాంక్రీటు స్లాబు మీది గ్రౌండ్ ఫ్లోరు.

వేడికి 90 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బులు మూడు, దగ్గరదగ్గరగా. ఒక్క పెద్ద బల్బు పెడితే ఇంత వెడల్పు వీపు మీద ఒకచోట కాలుతుంది, మిగతా ఒళ్లు చల్లగానే ఉంటుంది. బల్బులకు వైరు గార్డులు తప్పనిసరి, టెగూ నిలబడి చెయ్యి పెడుతుంది. బాస్కింగ్ రాయి మీద 115 డిగ్రీలు (46 సెల్సియస్), చల్లటి వైపు 78. కొలిచేది టెంపరేచర్ గన్‌తో, అద్దానికి అంటించే గుండ్రటి మీటర్లు దండగ. వేడి రాళ్లు అమ్ముతారు, కొనొద్దు, పొట్ట కాలుతుంది. యూవీబీకి (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలకు) 54 వాట్ల నాలుగడుగుల టీ5 ట్యూబు, ఏడాదికోసారి మార్చాలి, వెలుగుతున్నా సరే. వెలుగు ఉంటుంది, యూవీబీ తగ్గిపోతుంది.

నాన్న ప్రశ్నకు జవాబు: మొత్తం 324 వాట్లు, రోజుకు 12 గంటలు, నెలకు సుమారు 117 యూనిట్లు. యూనిట్ 15 సెంట్లనుకుంటే 17, 18 డాలర్లు. వేసవిలో ఆ గదిని చల్లబరిచే ఏసీ ఖర్చు అదనం, అది లెక్క తేలడం లేదు.

జూన్

వచ్చేశాడు. పొడవు నాలుగడుగుల ఒక అంగుళం, బరువు 5 కిలోలు. చలికాలంలో నాలుగైదు నెలలు నిద్రపోయే జాతి కదా, రూమ్మేట్ కుంభకర్ణుడని పేరు పెట్టాడు. పిలిచేది కుంభన్న అని.

మొదట్లో ముట్టుకోలేదు. నేను వేసుకుని విడిచిన టీషర్టు ఒకటి వాడి గూట్లో పెట్టాను, వాసన అలవాటు కావడానికి. గదిలో కుర్చీ వేసుకుని ఆఫీసు పని అక్కడే. దగ్గరకు వెళ్తే గొంతు ఉబ్బించి, ముక్కులోంచి బుస్సుమని పొడుగాటి ఊపిరి వదిలేవాడు. అది "ఇంక చాలు" అని. అక్కడితో ఆగాలి. కొన్నాళ్లకు బుస తగ్గింది, తర్వాత గులాబీ రంగు చీలిక నాలుకతో నా మణికట్టు, వాచీ, మోచెయ్యి వరసగా తడిమి చూసుకున్నాడు. చేత్తో తిండి పెట్టను. పొడవు పటకారుతో, అదీ ఎన్‌క్లోజర్ బయట ఒక టబ్బులో. తలుపు తీసినప్పుడల్లా తిండే వస్తుందని అనుకుంటే వేళ్లు పోతాయి. దవడ బలం ఆషామాషీ కాదు.

పేడ పరీక్ష చేయించాం, పిన్‌వార్మ్స్ (కడుపులో పురుగులు) కొద్దిగా ఉన్నాయన్నారు, మందు నడుస్తోంది. కాలి వేళ్ల దగ్గర పాత కుబుసం ఉంగరంలా ఇరుక్కుని ఉంటే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి తీశాను. అలాగే వదిలేస్తే రక్తం ఆడక వేలు రాలిపోతుంది.

అక్కావాళ్లు వస్తే ఆ గదికి తాళం. అక్క కూతురికి మూడేళ్లు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయంతో ఐదేళ్లలోపు పిల్లలకు సరీసృపాలు వద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. కుంభన్న గిన్నెలు కిచెన్ సింక్‌లో కడగడం నిషేధం. ఈ రూలు రూమ్మేట్లు పెట్టింది, న్యాయమైనదే.

ఆగస్టు

తిండి వారానికి మూడు పూటలు. చికెన్ కందనకాయలు, గుండెకాయలు, సగం ఉడికించిన గుడ్డు (పచ్చి తెల్లసొన రోజూ పెడితే బయోటిన్ అనే విటమిన్ అందదు), డుబియా బొద్దింకలు, అప్పుడప్పుడు ఫ్రీజర్‌లోంచి తీసి మంచు కరిగించిన ఎలుక. ఎముక లేని మాంసం పెట్టిన ప్రతిసారీ కాల్షియం పొడి. పండ్లలో బొప్పాయి అంటే ప్రాణం. మామిడి పెడితే వాసన చూసి మూతి తిప్పుకున్నాడు, మన బంగినపల్లి రుచి ఇంకా తెలియదు పాపం. ఉల్లి, వెల్లుల్లి, అవకాడో దగ్గరకు రానివ్వొద్దు. ఎలుకల కోసం గరాజులో సెకండ్ హ్యాండ్ ఫ్రీజర్ పెట్టాను. ఒక రూమ్మేట్ పూర్తి శాకాహారి, దాని మీద ఎర్ర స్టిక్కరు వాడే అంటించాడు.

సెప్టెంబర్ చివర

ఆకలి తగ్గుతోంది, లైట్లు ఆరకముందే బొరియలోకి వెళ్లిపోతున్నాడు. బరువు 5.2 కిలోలు, నిద్రకు ముందు ఇది మంచి బరువే అని డాక్టర్ అన్నారు. నవంబర్ నుంచి లైట్ల టైము వారం వారం తగ్గిస్తాను. ఆఖరి భోజనం అరిగేదాకా వేడి మాత్రం తగ్గించకూడదు, కడుపులో కుళ్లుతుంది.

డిసెంబరులో ఇండియా ట్రిప్పు పెట్టుకున్నది ఇందుకే. వాడు పడుకునే రోజులే నేను లేని రోజులు. రూమ్మేట్‌కి ఇచ్చే కాగితంలో నాలుగు పనులే రాశాను: నీళ్ల గిన్నె మార్చు, మట్టి పొడిబారితే ఒక మూల తడుపు, తవ్వి చూడకు, బయటకొస్తే తిండి పెట్టకుండా నాకు ఫోన్ చెయ్యి. వీసా స్టాంపింగ్ లేటయితే ఏం చెయ్యాలో రెస్క్యూవాళ్ల నంబరుతో కలిపి వెనక పేజీలో ఉంది.