పిల్లల బూట్ల కోడ్ కోసం కస్టమ్స్‌లో నేను పడ్డ పాట్లు

సరుకు నిన్ననే చేతికొచ్చింది. ఒళ్లు మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

తెప్పించింది పిల్లల స్పోర్ట్స్ బూట్లు. ఆర్డరు, డబ్బు పంపడం, షిప్పింగ్ కాగితాలు అన్నీ సాఫీగా అయిపోయాయి. సరఫరాదారు మాత్రం ఇన్‌వాయిస్‌లో 'కిడ్స్ షూస్' అని రెండు ముక్కలు గీకి ఊరుకున్నాడు. ఆ మాట ఎందుకూ పనికిరాదు. సుంకం లెక్కకు దేశాలన్నీ వాడే సరుకుల కోడ్ల పట్టిక హెచ్‌ఎస్‌లో, చెప్పులూ బూట్లూ ఉండే 64వ చాప్టర్‌లో, కోడ్ ఆరంకెల దాకా పిల్లలవా పెద్దలవా అన్న ప్రస్తావనే లేదు. ఆ తర్వాతి అంకెలు ఏ దేశానివి ఆ దేశానివి. ముందు తేలాల్సింది సోల్ దేనితో చేశారు, పైభాగం దేనితో చేశారు అని. రబ్బరు లేదా ప్లాస్టిక్ సోల్ మీద పైభాగం, అంటే అప్పర్, కూడా అదే అయితే మామూలుగా 6402, తోలైతే 6403, బట్టయితే 6404.

నా బూటుకు అప్పర్ మెష్ బట్ట. ముక్కు మీద, పక్కన, మడమ దగ్గర రెక్సిన్ ముక్కలు కుట్టి ఉన్నాయి. నేను 6404 అన్నాను. అధికారి బూటును ఇలా తిప్పి చూసి 6402 అన్నాడు. "బట్టకీ ప్లాస్టిక్‌కీ తేడా తెలియకుండా దిగుమతులెందుకండీ?" అని హాలంతా వినపడేలా అడిగాడు. పక్కనున్న జనం నవ్వారు. మా ఏజెంటు ఫోన్‌లో తల దూర్చి, "ఒప్పేసుకోండి సార్, తేడా కట్టేసి పోదాం" అని గొణిగాడు. కట్టేది వాడి డబ్బు కాదు కదా!

ఆ రాత్రి చాప్టర్ నోట్స్, అంటే ఆ 64వ చాప్టర్ మొదట్లో ఉండే నియమాలు, ముందేసుకుని కూర్చున్నాను. నాలుగో నోట్‌లో స్పష్టంగా ఉంది: బయటికి కనిపించే విస్తీర్ణంలో ఏది ఎక్కువుంటే అదే అప్పర్ మెటీరియల్, బలం కోసం వేసిన ముక్కలు, అలంకారాలు లెక్కలోకి రావు. మరి ఏది బలానికి వేసిన ముక్క? దాన్ని తీసేస్తే కింద కనిపించేది అప్పర్‌లా ఉండాలి, లైనింగ్‌లా ఉండకూడదు.

మర్నాడు అధికారి ముందే బ్లేడుతో కుట్లు విప్పించాను. పక్క ముక్క, మడమ ముక్క కింద మెష్ తెగకుండా సాగింది, అదే నేత, అదే రంగు. ముక్కు దగ్గర మాత్రం పల్చటి ఫోమ్, దాని కింద లైనింగ్, అంతే. అంటే ఆ ఒక్క రెక్సిన్ ముక్కే ప్లాస్టిక్ అప్పర్ కింద లెక్క. గ్రాఫ్ పేపర్ మీద అచ్చు గీసి గళ్లు లెక్కపెట్టి చూపించాను. మెష్‌దే స్పష్టంగా పైచేయి. ఆ హాల్లో అంత ఓపిగ్గా గళ్లు లెక్కపెట్టినవాడు ఇంకొకడు ఉంటాడనుకోను. అధికారి ఏమీ మాట్లాడకుండా 6404 రాశాడు. నిన్నటి మాటకు సారీ మాత్రం రాలేదు.

అదే సరుకులో ఇంకో మోడల్‌కు బట్ట మీద ప్లాస్టిక్ పూత ఉంది. పూత పొర మామూలు కంటికి కనిపిస్తే ఆ బట్టను ప్లాస్టిక్‌గానే చూస్తారు, ఉత్త రంగు మార్పైతే పట్టించుకోరు. అంచు దగ్గర పొర తెలుస్తూనే ఉంది. దానికి నేనేం వాదించలేదు.

మీరు తెప్పిస్తుంటే సరఫరాదారును మెటీరియల్ వివరం విస్తీర్ణం ప్రకారం అడగండి. నాకు పంపినవాడు బరువు శాతాలు పంపాడు, చిత్తు కాగితంతో సమానం. ఒక జతను నిలువునా కోయించి ఫొటోలు కూడా తీయించుకోండి. అసలు సరుకు ఎక్కించకముందే అడ్వాన్స్ రూలింగ్, అంటే ఏ కోడ్ వర్తిస్తుందో కస్టమ్స్ ముందుగానే రాసిచ్చే నిర్ణయం, అడగొచ్చు. 2017లో అమల్లోకొచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) ట్రేడ్ ఫెసిలిటేషన్ ఒప్పందంలో ఆ ఏర్పాటు ఉంది. ఇన్నేళ్లుగా ఫీజు తీసుకుంటున్న మా ఏజెంటు నోట ఆ మాట ఒక్కసారీ రాలేదు.

తర్వాత వచ్చేవి పసిపిల్లల అల్లిక బూటీలు. విడిగా సోల్ అతికించనివైతే అవి 64లోకే రావు, పసిపిల్లల దుస్తులతోపాటు 6111లోకి పోతాయి. వాటి అడ్వాన్స్ రూలింగ్ దరఖాస్తు నేనే నింపుతున్నాను.