కట్టిన పన్నుకు దక్కవలసిన హక్కు

అమెరికాలో హెచ్-1బి అనే తాత్కాలిక ఉద్యోగ వీసాపై పనిచేసే తెలుగువారి మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తుంది. మన కష్టం మీద మనం చదువుకున్నాం, మన కష్టం మీద ఇక్కడికి వచ్చాం, ఎవరినీ ఏమీ అడగలేదు, మరి మన జీతంలోంచి ఇంత సొమ్ము ఎవరి కోసం పోతోంది అన్నది ఆ మాట. టెక్సస్‌లో ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్లుగా దీన్ని వింటున్నాను. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ పన్నులన్నీ తగ్గించి ఎవరి బాగోగులు వారినే చూసుకోనివ్వాలని చాలామంది దానికి చెప్పుకునే జవాబు మన జీవితానుభవానికే పొసగదని నా నమ్మకం.

నెలకు 10,000 డాలర్ల జీతం ఉన్న ఉద్యోగికి ఫెడరల్ ఆదాయపు పన్ను కాక వృద్ధాప్య పింఛను వంటివి ఇచ్చే సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం, వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కింద 1.45 శాతం, రెండూ కలిపి 765 డాలర్లు కోత పడుతుంది. కంపెనీ తన వంతుగా మరో 765 డాలర్లు కడుతుంది. విద్యార్థి వీసాపైనే కొంతకాలం ఉద్యోగం చేయనిచ్చే ఓపీటీలో ఉన్నప్పుడు సాధారణంగా ఈ కోత ఉండదు కాబట్టి, హెచ్-1బి మొదలైన నెలలో చేతికందే జీతం ఒక్కసారిగా తగ్గడం చూసి కొత్తవారు కంగారుపడుతుంటారు.

ఇంత కట్టిన మనిషికి వృద్ధాప్య పింఛను రావాలంటే, సంపాదనను బట్టి ఖాతాలో చేరే క్రెడిట్లు 40 ఉండాలి. ఏడాదికి నాలుగుకు మించి క్రెడిట్లు రావు కాబట్టి పదేళ్ల పని తప్పనిసరి. ఎనిమిదేళ్లు పనిచేసి, వీసా గడువు తీరో తల్లిదండ్రుల కోసమో హైదరాబాదుకు తిరిగి వెళ్లిపోయిన వ్యక్తికి పింఛను రాదు, కట్టిన సొమ్మూ తిరిగి రాదు. అదే జర్మన్ ఉద్యోగి అయితే తన దేశంలోని సర్వీసును ఇక్కడి సర్వీసుతో కలిపి లెక్క చూపించుకోగలడు, ఎందుకంటే అతని దేశానికి అమెరికాతో సామాజిక భద్రతా ఒప్పందం ఉంది. భారతదేశం కూడా జర్మనీ, బెల్జియం, జపాన్, దక్షిణ కొరియా వంటి దేశాలతో ఇలాంటి ఒప్పందాలు చేసుకుంది గానీ, మనవాళ్లు ఇన్ని లక్షల మంది పనిచేస్తున్న అమెరికాతో మాత్రం చేసుకోలేదు. నిరుద్యోగ భృతిదీ దాదాపు ఇదే కథ. మన జీతాన్ని లెక్కలోకి తీసుకొని కంపెనీ ఆ భృతి కోసం పన్ను కడుతుంది. తీరా ఉద్యోగం పోతే, వెంటనే ఏ పనిలోనైనా చేరే స్వేచ్ఛ మన వీసాకు లేదన్న కారణంతో భృతి సాధారణంగా అందదు. గరిష్ఠంగా 60 రోజుల్లో మరో కంపెనీ దొరక్కపోతే దేశం విడిచి వెళ్లాలి. 2022 చివర్లోనూ 2023లోనూ టెక్ కంపెనీలు వేలమందిని తీసేసినప్పుడు, ఇళ్లు కొనుక్కుని, పిల్లలను బడిలో వేసిన కుటుంబాలు ఆ 60 రోజులు ఎలా గడిపాయో మా చుట్టుపక్కల వారందరికీ తెలుసు.

ఇంత అన్యాయం కళ్లెదుట ఉన్నప్పుడు పన్ను మీదే కోపం రావడం సహజం. అయితే కట్టినవాడికి హక్కు ఇవ్వకపోవడం ఒక తప్పు, అందరూ కలిసి కట్టుకునే ఏర్పాటే తప్పని అనడం వేరొకటి. మొదటిది సరిదిద్దవలసిన లోపం. రెండోది ఒప్పుకుంటే మనం ఎక్కిన మెట్లను మనమే కాదనుకున్నట్టు అవుతుంది. నేను చదివింది ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో. అక్కడ నేను కట్టిన ఫీజు ప్రయోగశాలలో కరెంటు ఖర్చుకైనా సరిపోయేది కాదు. నా తర్వాత వచ్చిన తరంలో ఎంతోమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే ఫీజు భరించే రీయింబర్స్‌మెంట్ పథకం వల్ల బీటెక్ పూర్తి చేసి ఇక్కడికి ఎంఎస్‌కు వచ్చారు. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాలల బాటలో చదువుకున్న పేదింటి పిల్లలూ మనలో ఉన్నారు. ఊళ్లో అగ్గిపెట్టె కొన్న కూలీ మొదలుకొని అందరూ కట్టిన పన్నులోంచే ఆ చదువులకు డబ్బు వచ్చింది. మనం పడ్డ కష్టం నిజమే, ఆ కష్టానికి ఫలితం దక్కేలా చేసిన ప్రజాధనమూ అంతే నిజం. ఇక్కడ మాత్రం? టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇంటిపన్ను మాత్రం భారీగా ఉంటుంది, అందులో పెద్ద వాటా బడులకు పోతుంది. మంచి బడి చూసుకుని డల్లాస్ శివారు ఊళ్లైన ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొనే మనవాళ్లలో ఆ పన్నును దండగ అనేవారు తక్కువ, ఎందుకంటే దాని ఫలం మన పిల్లలకే అందడం రోజూ కనిపిస్తుంది.

ఎవరికి వారు పొదుపు చేసుకుంటే చాలునన్న వాదనను ఈ దేశ చరిత్రే ఒకసారి పరీక్షించింది. 1930 నుంచి 1933 లోపు దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి, కార్మికుల్లో నాలుగో వంతు మందికి పని లేకుండా పోయింది. ఆ బ్యాంకుల్లో సొమ్ము పోగొట్టుకున్నవారు దుబారా మనుషులు కారు, జీవితమంతా జాగ్రత్తగా దాచుకున్నవారు. 1935 ఆగస్టు 14న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సోషల్ సెక్యూరిటీ చట్టం ఆ అనుభవం నుంచి పుట్టింది. నెలసరి పింఛను తొలి చెక్కు 1940 జనవరిలో వెర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఐడా మే ఫుల్లర్ అనే ఆమెకు అందింది, దాని విలువ 22.54 డాలర్లు. మూడేళ్లలో ఆమె కట్టింది 24.75 డాలర్లు. నూరేళ్లు బతికి మొత్తం 22,888.92 డాలర్లు తీసుకుంది. ఈ లెక్కను అన్యాయానికి రుజువుగా చూపేవారున్నారు. నాకు మాత్రం ఇందులో బీమా అసలు స్వభావం కనిపిస్తుంది. తాను ఎన్నేళ్లు బతుకుతాడో ఏ మనిషికీ ముందు తెలియదు కాబట్టి, ఎంత క్రమశిక్షణ ఉన్నవాడైనా ఎంత దాచుకుంటే సరిపోతుందో ఒంటరిగా లెక్కకట్టలేడు.

మన సమాజంలో దీనికి ప్రత్యామ్నాయంగా ఉన్నది చందా. రోడ్డు ప్రమాదంలో ఒక విద్యార్థి చనిపోయాడంటే గంటల్లో గోఫండ్‌మి పేజీ తెరుస్తారు, వాట్సాప్ గ్రూపులన్నింటికీ ఆ లింకు చేరుతుంది, భౌతికకాయాన్ని ఊరికి పంపేందుకు కావలసిన డబ్బు పోగవుతుంది. ఆ మంచి మనసుకు నేను ఎప్పుడూ చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే కాలేజీ స్నేహితులు ఎక్కువమంది ఉన్న కుర్రవాడికి ఒక్కరోజులో సరిపడా విరాళాలు వస్తే, గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టులు చేసే, ఎవరితోనూ పెద్దగా పరిచయం లేని నడివయసు మనిషికి అందులో పదో వంతు కూడా రావడం లేదు. ఆపద ఇద్దరిదీ ఒకటే, తేడా ఉన్నది పరిచయాల్లో మాత్రమే. దానం ఇచ్చేవాడి ఇష్టం మీద ఆధారపడుతుంది, సామాజిక బీమా హక్కు మీద ఆధారపడుతుంది. సోషల్ సెక్యూరిటీకి పన్ను కడుతున్న ఉద్యోగి మరణిస్తే, 40 క్రెడిట్లు నిండకపోయినా, చివరి మూడేళ్లలో కనీసం ఆరు క్రెడిట్లు ఉంటే, ఇక్కడే ఉండే అతని పిల్లలకు సాధారణంగా 18 ఏళ్లు వచ్చేదాకా నెలనెలా భృతి అందే అవకాశం ఉంది. విరాళాల లింకు పంపేవారు దానితోపాటు ఈ సంగతి కూడా ఆ కుటుంబానికి చెప్పి, దరఖాస్తు చేయించాలి.

వ్యక్తిగత బాధ్యతను తగ్గించాలని నేను కోరడం లేదు. 1996లో వచ్చిన సంక్షేమ చట్టం ప్రకారం, తల్లిదండ్రులను గ్రీన్ కార్డుపై తీసుకొచ్చే కొడుకో కూతురో వారి పోషణ భారం తనదేనని ప్రభుత్వానికి కట్టుబడి సంతకం చేయాలి. మా నాన్నగారి కోసం నేనూ చేశాను. 65 ఏళ్లు దాటినా ఐదేళ్లు ఇక్కడ నిరంతరంగా ఉండేదాకా ఆయన డబ్బు కట్టి మెడికేర్‌లో చేరడం కూడా కుదరదు. చేరిన తర్వాత ఆసుపత్రి బీమాకే 2025లో పూర్తి ప్రీమియం నెలకు 518 డాలర్లు. ఈ నిధికి ఎన్నడూ చందా కట్టని ఆయన ఖర్చు ముందుగా నేను భరించాలనడం నాకు సబబుగానే తోస్తుంది. కన్నవారి భారం కొడుకు మీద పెట్టడాన్ని ఒప్పుకున్నవాడు, నెలనెలా పన్ను కట్టిన మనిషిని ఎనిమిదేళ్ల తర్వాత వట్టి చేతులతో పంపడాన్ని ఎలా ఒప్పుకోగలడు?

అందుకే ఇక్కడ కూర్చుని, ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధులకు ఇచ్చే 4,000 రూపాయల పింఛనును సోమరితనానికి బహుమతి అని తీసిపారేసేవారి మాట నాకు బాధ కలిగిస్తుంది. ఏళ్లతరబడి నాట్లు వేసి, కలుపు తీసిన ఆడమనిషికి జీతపు చీటీ లేదు, పీఎఫ్ ఖాతా లేదు, ఆమె పేరున చందా కట్టే యజమాని ఏనాడూ లేడు. ఆ డబ్బు ఎలా సమకూరుతోంది, అప్పుతో నడుస్తోందా అని అడగడం బాధ్యతగల పౌరుడి పని, తప్పక అడగాలి. ఆమెకు అర్హత లేదనడం మాత్రం వేరే సంగతి.

మన తెలుగు సంఘాల సభలకు ఇరు రాష్ట్రాల మంత్రులూ, కేంద్ర మంత్రులూ, ఇక్కడి కాంగ్రెస్ సభ్యులూ వస్తూనే ఉంటారు. సన్మానాలకు ముందు వారి చేతికి ఇవ్వవలసిన వినతిపత్రంలో భారత్, అమెరికాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం మొదటి అంశంగా ఉండాలి. ఇతర దేశాలతో అమెరికా చేసుకున్న ఒప్పందాల్లో ఉన్న పద్ధతే మనకూ వస్తే, ఇక్కడ కనీసం ఆరు క్రెడిట్లు సంపాదించి తిరిగి వెళ్లిన వ్యక్తి స్వదేశంలోని సర్వీసును కలుపుకుని అర్హత పొందుతాడు, తాను ఇక్కడ పనిచేసిన ఏళ్ల మేరకు పింఛను అందుకుంటాడు.