37వ నంబరు రసీదు ఏమైంది?

అనంతపురంలో మేం నడిపే సాయంత్రం ట్యూషన్ సెంటర్‌కి నన్ను కోశాధికారిని చేశాక, అంతకుముందు ఆ పని చూసిన పెద్దాయన ఒక ట్రంకుపెట్టె అప్పగించారు. "అన్నీ దీంట్లోనే ఉన్నాయి నాయనా" అన్నారు. నిజమే. కాకపోతే ఏది ఎక్కడుందో ఆయనకే తెలుసు.

2023 మే నెల. ఆడిట్‌కని బిల్లులు నేల మీద పరిస్తే సగం తెల్ల కాగితాలే. మిషన్ బిల్లులు కదా, రేకుల గదిలో మా ఊరి ఎండకి అక్షరాలు మాయమయ్యాయి. ఒకదాన్ని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే చివరి 40 ఒక్కటే కనిపించింది. షాపువాళ్లు కొన్నిటికి డూప్లికేట్ ఇచ్చారు. మిగతావాటికి ఆధారం లేదని ఆడిటర్ రాసేశారు.

రసీదు పుస్తకం తిప్పుతుంటే ఆడిటర్ వేలు ఒకచోట ఆగింది. 36 తర్వాత 38.

"37 ఏమైందప్పా?"

పెద్దాయనకి ఫోన్ చేశాను. పేరు తప్పు పడిందని చించేశారట.

"అడ్డంగా గీత కొట్టి 'రద్దు' అని రాసి, రెండు భాగాలూ పుస్తకంలోనే పిన్ను కొట్టాలి. డబ్బు తీసుకుని రసీదు దాచారని ఎవరన్నా అంటే ఏం చూపిస్తావు?" అన్నారు ఆడిటర్.

పెద్దాయన పైసా ముట్టే మనిషి కాదు. ఆ సంగతి ఏ పుస్తకంలో రాసి చూపించను?

అసలు టెన్షన్ 80జీతో, అంటే దాతలకి ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే సెక్షన్‌తో. దాతల వివరాలు పాన్ నంబరో ఆధారో వేసి మే 31లోగా పన్ను శాఖ వారి 10బీడీ ఫారంలో ఎక్కించాల్సి ఉండింది. మా పుస్తకంలో 'రెడ్డి గారు, ధర్మవరం, 5000' అని ఉంది. ధర్మవరంలో ఏ రెడ్డి గారు! పైగా నగదు. 2000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదని మేం ఎవరికీ చెప్పనేలేదు. 2022లో వచ్చిన 17ఏఏ అనే ఆదాయపు పన్ను రూలు ప్రకారం ఇవన్నీ పదేళ్లు దాచాలని ఆడిటర్ చెప్తుంటే నా చూపు ఆ తెల్ల కాగితాల మీదే ఉంది.

ఇప్పుడు బిల్లు రాగానే జిరాక్స్ తీసి వోచర్‌కి పిన్ను కొడుతున్నా. పాన్ రాయకుండా రసీదు చింపను. తీర్మానాలకి పేజీ నంబర్లున్న బైండు పుస్తకం కొన్నాను. శనివారం డబ్బుల పెట్టె ఇద్దరం లెక్కపెట్టి సంతకాలు పెడతాం. రెండో సంతకం పెద్దాయనదే. "ఇన్నేళ్లూ ఇవేం లేకుండానే నడిచింది కదప్పా" అని గొణుగుతూనే, రూపాయి బిళ్లలు పదేసి చొప్పున పేరుస్తారు.