రెండు నగుమోములు

“కేటలాగరుకు సొంతంగా తెలిసిన సంగతిని ఆధారంగా తీసుకోలేము.”

మొన్న జనవరిలో నాకు వచ్చిన ఉత్తరంలో చివరి వాక్యం ఇది. నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో కేటలాగరును, అంటే పుస్తకాలకు, సీడీలకు వివరాల రికార్డులు రాసే మనిషిని. ఆ ఉత్తరం రాసినావిడ మరో రాష్ట్రంలో, మరో విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్లుగా సంగీత గ్రంథాలయం పని చేస్తున్న పెద్ద మనిషి. రచయితల, రచనల పేర్లను ఒకే రూపంలో స్థిరపరచడానికి ఇక్కడి లైబ్రరీలన్నీ కలిసి వాడుకునే పేర్ల ఫైలుకు కొత్తగా రికార్డులు పంపేవాళ్ల పనిని కొంతకాలం అనుభవజ్ఞులు ఒకరు దిద్దుతారు. నా పని దిద్దే బాధ్యత ఆవిడది. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఆ వాక్యం చదివాక కుర్చీలో కూర్చోలేకపోయాను. కోటు కూడా వేసుకోకుండా వెనక మెట్ల దాకా వెళ్లి, పడుతున్న మంచును చూస్తూ నిలబడ్డాను.

సంగతి చిన్నదే. మా లైబ్రరీకి ఎవరో విరాళంగా ఇచ్చిన అట్టపెట్టెలో ఒక వీణ సీడీ ఉంది. దాని మీద ఆరు కీర్తనల పేర్లు, అన్నిటికీ కలిపి కింద త్యాగరాజు పేరు. రాగం వేయలేదు, తాళం వేయలేదు. మృదంగం ఎవరు వాయించారో లేదు, ఏ సంవత్సరమో లేదు. మూడో కీర్తన పేరు ఒక్క మాట: నగుమోము.

త్యాగయ్యకు నగుమోములు రెండు. ‘నగుమోము గనలేని’ ఆభేరి, ‘నగుమోము గలవాని’ మధ్యమావతి. రెండూ ఆది తాళమే. పాడినదైతే రెండో మాటకే తేలిపోతుంది. వీణ మీద మాట ఎక్కడిది? హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. పల్లవి మొదటి ఆవర్తం పూర్తికాక ముందే ఆభేరి అని తెలిసింది. అమ్మ గొంతు గుర్తుపట్టడానికి ఎవరైనా ఆలోచిస్తారా? ‘నగుమోము గనలేని’ పేరుతో రికార్డు రాసి పంపేశాను.

ఆవిడ అడిగింది ఇంతే. 670 ఫీల్డులో సీడీ అట్ట తప్ప మరేమీ లేదు, ఇది ఆభేరి కీర్తన అని ఎక్కడ చూశారు? 670 అంటే, ఈ పేరును మేము ఫలానా చోట, ఫలానా పేజీలో చూశాము అని రాసే చోటు. రికార్డుకు అది సాక్షి సంతకం లాంటిది. అది లేకపోతే పైన రాసినదంతా రాసినవాళ్ల మాటే అవుతుంది.

చూడడమేమిటి, విన్నాను కదా అన్న రోషం మూడు రోజులు పోలేదు. తెనాలిలో మా పిన్ని దగ్గర పదకొండేళ్లు సంగీతం నేర్చుకున్నాను. తెల్లవారుజామున అయిదింటికి శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టేది. ఆ పదకొండేళ్లలో ఏ రోజూ “దీనికి ఆధారం ఏమిటి పిన్నీ?” అని నేను అడగలేదు. అడిగి ఉంటే ఏం జరిగేదో మన ఇళ్లలో పెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. మనకు గురువు నోటి మాటే ఆధారం. ఆ నోటికి వెనక ఇంకో గురువు, ఆయన వెనక ఇంకొకరు, అలా వెళ్తే త్యాగయ్య ఉన్న తిరువయ్యారు చేరతాం. ఆ వరసను పట్టుకుని ‘సొంతంగా తెలిసిన సంగతి’ అని పక్కన పెట్టేస్తే ఎవరికి కష్టంగా ఉండదు?

పైగా అచ్చులో ఉన్నదాన్నే నమ్మితే ఏమవుతుందో కూడా ఇక్కడే చూశాను. త్యాగయ్య పంచరత్నాలను తమిళ లిపిలో అచ్చువేసిన పుస్తకాలు ఉన్నాయి. తమిళ లిపిలో త, ద లకు ఒకటే అక్షరం. ప, బ, భ లకూ ఒకటే. ఇక్కడి నియమం ప్రకారం అచ్చులో ఏ అక్షరం ఉంటే దానికి సరిపడే రోమన్ అక్షరమే వేయాలి. అలా వేస్తే, మన ‘ఎందరో మహానుభావులు’ కేటలాగులో ‘ఎంతరో మహానుపావులు’ అవుతుంది. నియమం ఎక్కడా తప్పలేదు, కీర్తన మాత్రం తప్పింది. అసలు తెలుగు రూపాన్ని పక్కన 246 ఫీల్డులో చేర్చవచ్చు. అయితే చేర్చాలని తోచడానికి తెలుగు తెలిసిన మనిషి ఒకరు అక్కడ ఉండాలి. సొంతంగా తెలిసిన సంగతి అంటే అదే కదా!

ఇంత కోపంలోనూ ఒక మాట ఒప్పుకోవాలి. ఇక్కడ ఒక రచనకు పేరు స్థిరపరచడానికి పడే శ్రమ నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. ‘మూన్‌లైట్’ అని లోకమంతా పిలిచే బీతోవెన్ సొనాటా మా ఫైలులో ఆ పేరుతో ఉండదు. సొనాటాలు, పియానో, 14వది, ఓపస్ 27లో 2వది, సి షార్ప్ మైనర్. అదీ దాని పేరు. ఏ దేశంలో ఏ భాషలో అచ్చయినా, సీడీ మీద ఎవరు ముచ్చటపడి ఏమని పిలిచినా, అన్నీ ఆ ఒక్క పేరు కిందికి వచ్చి చేరాలి. మొజార్టు 1791లో పోయాడు. 1862లో కోషెల్ అనే ఆయన, మొక్కల మీద, ఖనిజాల మీద మక్కువ ఉన్న పండితుడు, మొజార్టు రచనలన్నిటినీ కాలక్రమంలో పెట్టి, ప్రతిదాని తొలి స్వరాలనూ అచ్చువేసి, 626 దాకా సంఖ్యలు ఇచ్చాడు. నేటికీ ఆ సంఖ్యలే వాడుక. త్యాగయ్య మొజార్టు కంటే పదకొండేళ్లు చిన్న. ఆయన కీర్తనలు మనకు దక్కినవి 700 దాకా ఉన్నాయి. వాటిని సంఖ్యతో పిలిచే వాడుక మనకు లేదు. పల్లవి ఎత్తుగడ, రాగం, తాళం, ఈ మూడే ఆనవాళ్లు. సీడీ అచ్చువేసేవాళ్లు ఆ మూడింటిలో రెండు వదిలేస్తే ఇక మిగిలేది ఏమిటి? ఈ మాట అంటున్నప్పుడు నా కోపం తిరుగు ప్రయాణం కట్టి మన ఊరి వైపు వెళ్తుంది. వీణ వాయించినావిడ అంత బాగా వాయించింది, ఆ పక్క మృదంగం అంత నిండుగా ఉంది, ఆ మనిషి పేరు వేయడానికి అట్ట మీద చోటు లేకపోయిందా!

నాలుగో రోజు పిన్నికి ఫోను చేశాను.

“పిన్నీ, నగుమోము గనలేని ఆభేరి అనడానికి ఆధారం ఏమిటి?”

“ఆధారం ఏమిటే? ఆభేరి కాబట్టి ఆభేరి,” అంది. తర్వాత నా గొంతులో ఏదో పసిగట్టింది కాబోలు, “ఉండు, పుస్తకంలో కూడా ఉంటుంది,” అని లేచింది.

ఆ పుస్తకం నాకు తెలుసు. దానికి వార్తాపత్రిక కాగితంతో అట్ట. అంచులు చేతి చెమటకు నల్లబడి, మూలలు గుండ్రంగా అరిగాయి. ఒక పేజీలో పసుపు వేలిముద్ర ఉంటుంది, వంటింట్లోంచి లేచి వచ్చి మాకు సంగతులు దిద్దిన రోజుదేదో. సాహిత్యం పైన పెన్సిలుతో స్వరాలు. కొన్నిచోట్ల కొట్టివేసి మళ్లీ రాసింది. పిన్ని కీర్తన వెతికి, రాగం, తాళం గట్టిగా చదివింది.

“మొదటి పేజీ చదువు పిన్నీ, ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో.”

“మొదటి పేజీ ఏదీ? నేను కాపురానికి వచ్చినప్పటికే లేదు. మా అత్తగారిది కదా ఈ పుస్తకం.”

ఆధారం ఉంది. దానికి పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. 670లో ఏమని రాయను?

మర్నాడు మా లైబ్రరీ కింది అంతస్తులో, తెలుగు పుస్తకాల వరసలోకి వెళ్లాను. అమెరికా పంపిన గోధుమలకు మన ప్రభుత్వం రూపాయల్లో చెల్లించిన సొమ్ముతో, 1962 నుంచి మన పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపారు. పీఎల్ 480 పుస్తకాలంటారు వాటిని. ఆ వరసలో త్యాగరాజ కీర్తనల సంపుటం ఒకటి దొరికింది. మద్రాసులో అచ్చయిన తెలుగు పుస్తకం. వెనక అతికించిన తేదీల చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. ఎవరూ తెరవకపోవడం వల్ల పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. రెండు నగుమోములూ ఉన్నాయి, రాగతాళాలతో సహా. పేజీ సంఖ్యలు రాసి పంపాను. గంటలో జవాబు వచ్చింది: ధన్యవాదాలు, ఇప్పుడు సరిపోయింది.

సరిపోయింది, కాని నాకు సంతోషం కలగలేదు. యాభై అరవై ఏళ్లు ఎవరూ తెరవని పుస్తకం మాట చెల్లింది. పొద్దున్నే లేచి పాడే పిన్ని మాట చెల్లలేదు. ఇదే తిరిగి తిరిగి మనసులో మెదిలేది.

తర్వాత కొన్ని వారాలకు మ్యూజిక్ లైబ్రరీ అసోసియేషన్ వార్షిక సమావేశానికి వెళ్లాను. ఈ సంఘం 1931లో పుట్టింది. మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి అయిదు సూత్రాల గ్రంథం వెలువడిన ఏడాది కూడా అదే. ఈ సంగతి తలచుకుంటే ఆ హోటలు హాల్లో నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది. కేటలాగర్ల చర్చలో లేచి ఒక ప్రశ్న అడిగాను. స్వరస్థాయికి, అంటే సి మేజరా డి మైనరా అని చెప్పడానికి, 384 అని విడిగా ఒక ఫీల్డు ఉంది. రాగాన్ని ఎక్కడ పెట్టాలి? నోట్సులో పెట్టమన్నారు. రాగం స్వరస్థాయి కాదు, నోట్సులో పడేయవలసినదీ కాదు అన్నాను. దాని మీద చాలాసేపు మాట్లాడారు. పరిష్కారం దొరకలేదు. కాని ఒక్కరూ విసుక్కోలేదు, చాలామంది రాసుకున్నారు.

బయటికి రాగానే ఒకావిడ ఎదురుగా వచ్చి నిలబడింది. మెడలో ఉన్న పేరు చూసి గుర్తుపట్టాను, ఆవిడే. నేను మర్యాదకు ఏదో అనబోతుంటే, “ఆ రెండు కీర్తనలూ ఎన్నోసార్లు విన్నాను, తేడా పట్టుకోలేకపోతున్నాను, నేర్పుతారా?” అని అడిగింది.

హోటలు వరండాలో సోఫా మీద కూర్చున్నాం. ఇయర్‌ఫోను ఒకటి ఆవిడ చెవిలో, ఒకటి నా చెవిలో. మధ్యమావతిలో గాంధారం లేదు, ధైవతం లేదు, అయిదు స్వరాలే అని చెప్పాను. ఆభేరి ఎక్కేటప్పుడు షడ్జం నుంచి నేరుగా గాంధారానికి వెళ్తుంది అని పాడి చూపించాను. ఆవిడ కాగితం మీద గీతలు గీసుకుంది. కళ్లు మూసుకుని వింది. నాలుగోసారి, గాంధారం పలికిన చోట చూపుడువేలు ఎత్తింది. మళ్లీ వచ్చింది, మళ్లీ ఎత్తింది. ఆ వేలు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

“ఇప్పుడు చెప్పినది ఆ రోజే రాసి ఉంటే, పుస్తకం లేకపోయినా ఒప్పుకునేదాన్ని,” అంది లేస్తూ.

నాకు వెంటనే మా అమ్మాయి గుర్తుకొచ్చింది. ఇక్కడే పుట్టింది, బడిలో చెల్లో వాయిస్తుంది. ఆభేరికీ మధ్యమావతికీ తేడా తనకు తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు. నా చిన్నప్పుడు పిన్ని పాడుతుంటే చెవిన పడినట్టు దానికీ పడుతుందనుకున్నాను. ఈ ఊళ్లో ఎక్కడి నుంచి పడుతుంది? తిరువయ్యారు నుంచి వచ్చిన వరస కూడా ఒట్టి నోటి మీద రాలేదు. వాలాజపేట వేంకటరమణ భాగవతార్ తన గురువు త్యాగయ్య కీర్తనలు రాసి ఉంచారు, ఆ ప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. ఆయన కూడా విన్న చెవిని నమ్మి ఊరుకుని ఉండవచ్చు, ఊరుకోలేదు.

సంక్రాంతికి తెనాలి వెళ్తున్నాను. పిన్ని పుస్తకాన్ని కేటలాగు చేస్తానని చెప్పాను. మొదటి పేజీ లేని పుస్తకానికి కూడా మాకు దారి ఉంది. లోపల లేనిదాన్ని, కేటలాగరు తెలుసుకుని రాసిన పేరును, చదరపు బ్రాకెట్లలో వేస్తాం. ఎత్తు సెంటీమీటర్లలో కొలుస్తాం. పుస్తకం ఎవరి చేతుల్లో నుంచి ఎవరికి వచ్చిందో రాయడానికి 561 ఫీల్డు ఉంది. అందులో పిన్ని అత్తగారి పేరు, పిన్ని పేరు, తర్వాత పెన్సిలు స్వరాల సంగతి రాస్తాను.

“పసుపు మరక కూడా రాస్తారా?” అని అడిగింది పిన్ని.

రాస్తాం పిన్నీ, ఏ పేజీలో ఉందో కూడా.