టీబీ మందులతో తొలి రెండు నెలలు

గళ్ల పరీక్షలో టీబీ అని తేలినప్పుడు ఏడ్చాను. కానీ అసలు కష్టం మందులు మొదలయ్యాకే తెలిసింది. అప్పుడు నా బరువు 46 కిలోలు. 35 నుంచి 49 కిలోల మధ్య ఉన్నవాళ్లకు రోజుకు మూడు మాత్రలు ఇస్తారు. ఒక్కో మాత్రలో నాలుగు మందులుంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. రెండు నెలలు ఈ నాలుగూ, ఆ తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ వాడాలి.

మాత్రలు వేసుకున్న కాసేపటికే మూత్రం నారింజ రంగులో వచ్చింది. "ఒళ్లు వేడి చేసిందమ్మా, సబ్జా నీళ్లు తాగు" అన్నారు అత్తయ్య. "అది రిఫాంపిసిన్ రంగు అక్కా. చెమట, కన్నీళ్లు కూడా అలాగే రావచ్చు, భయపడొద్దు" అని ఆశా కార్యకర్త ముందే చెప్పబట్టి కంగారు పడలేదు. ఆ ఒక్క మాట చెప్పకపోతే మర్నాడే మాత్రలు పక్కన పెట్టేసేదాన్ని.

వికారం మాత్రం మాటలతో తగ్గేది కాదు. పరగడుపున వేసుకోవాలన్నారు. వేసుకున్న గంటకు కడుపులో తిప్పడం మొదలయ్యేది. వంటింట్లోంచి పోపు వాసన వస్తే చాలు, వాంతి. డాక్టరమ్మతో చెప్పాను. ఖాళీ కడుపున అయితే మందు బాగా ఒంటబడుతుందనీ, అయినా తట్టుకోలేక మానేయడం కంటే ఏదైనా తేలికగా తిని వేసుకోవడమే మేలనీ అన్నారు. ఒక ఇడ్లీ తిని, రాత్రి పడుకునే ముందు వేసుకోవడం మొదలుపెట్టాను. వికారం సగానికి సగం తగ్గింది. మందుల షాపులో గ్యాస్ సిరప్ కొనుక్కుని వీటితో కలిపి తాగొద్దని కూడా చెప్పారు. దానివల్ల ఐసోనియాజిడ్ సరిగ్గా ఒంటబట్టదట. గర్భం రాకుండా వాడే మాత్రలు కూడా రిఫాంపిసిన్ ఉన్నప్పుడు సరిగ్గా పనిచేయవు. ఇది ఆడవాళ్లకు ఎవరూ అడగకుండా చెప్పరు, అందుకే రాస్తున్నాను.

తర్వాత కీళ్ల నొప్పులు. నాది మిషన్ కుట్టే పని. మోకాళ్లు, చీలమండలు పట్టేసి పెడల్ తొక్కలేకపోయేదాన్ని. పైరజినమైడ్ వల్ల యూరిక్ యాసిడ్ పెరిగి అలా అవుతుందట. పారాసిటమాల్ ఇచ్చారు. రెండు నెలలయ్యాక ఆ మందు ఆగింది, నొప్పులూ పోయాయి. వేళ్లకు తిమ్మిర్లు వచ్చి సూదిలో దారం ఎక్కించడం కష్టమైతే బి6 విటమిన్ మాత్ర రాశారు. ఇథాంబ్యుటాల్ కంటిచూపు మీద పనిచేస్తుందనీ, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే ఆలస్యం చేయకుండా రావాలనీ అన్నారు. రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ రెండు రంగుల దారపు కండెలు పక్కపక్కన పెట్టి చూసుకునేదాన్ని.

నన్ను బాగా భయపెట్టింది కామెర్లు. ఈ మందుల్లో మూడు కాలేయం మీద భారం వేసేవే. మామూలుగా మూత్రం పచ్చబడితే అనుమానం వస్తుంది. నాకు రోజూ ఆ రంగే, ఇంక దేన్ని చూసి కనిపెట్టను? అందుకే మా ఆయన పొద్దున్నే వెలుతురులో నా కళ్లలో తెల్లగుడ్డు చూసేవారు. కళ్లు పచ్చబడినా, అన్నం అసలు సహించకపోయినా, వాంతులు ఆగకపోయినా మాత్రలు ఆపి అదే రోజు రమ్మన్నారు. ఒకసారి వికారం మళ్లీ ఎక్కువైతే లివర్ టెస్టు చేశారు. కాస్త పెరిగింది గానీ మందులు ఆపాల్సినంత లేదన్నారు. ఆ రిపోర్టు వచ్చేదాకా పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

మాకు తెలిసినవాళ్లలో దగ్గు తగ్గగానే మందులు మానేసినవాళ్లున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. ఆ వాంతులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. కానీ మధ్యలో మానేస్తే రోగం మొండికేసి, మామూలు మందులకు లొంగకుండా పోవచ్చు. బాధ ఎంత చిన్నదైనా డాక్టరుకు చెబితే ఏదో ఒక దారి చూపిస్తారు. నాకు ప్రతిసారీ చూపించారు.

టీబీ ఉన్నవాళ్ల తిండి ఖర్చుకు ప్రభుత్వం డబ్బులిచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1000 రూపాయలు వచ్చేవి. వాటితో గుడ్లు, పాలు, పెసలు కొనుక్కున్నాం. ఆకలి తిరిగొచ్చి 52 కిలోలకు చేరాను. బరువు 50 దాటిందని మాత్రలు నాలుగు చేశారు. అత్తయ్య "తగ్గుతుంటే పెంచడమేంటి?" అని బెంగపడ్డారు. పెరిగింది నా బరువని చెప్పాక నవ్వారు. నాలుగోది కలిసినా వాంతులు మళ్లీ రాలేదు. ఆరు నెలల కోర్సు పూర్తయి, చివరి గళ్ల పరీక్షలో క్రిములు లేవని వచ్చింది. వేళ్ల తిమ్మిరి పూర్తిగా పోవడానికి మరికొన్ని వారాలు పట్టింది.